బుడగలో గొంతు

వర్నా హాగ్లండ్ మా కాలేజీ ఆడపిల్లల టెన్నిస్ జట్టుకు ఇరవై ఏళ్ళకు పైగా హెడ్ కోచ్‌గా పనిచేసింది. నా పేరు జోడీ. నేను ఆమె దగ్గరే ఆడి, తర్వాత ఆమెకే సహాయకురాలిగా చేరాను. ఆమె గురించి ఎవరడిగినా గెలుపోటముల జోలికి పోను. ఒక చలికాలం సంగతి చెబుతాను.

మా ఉత్తర మిన్నెసోటాలో నవంబరు వచ్చిందంటే మంచు పడి బయట ఆడటం కుదరదు. అందుకని కోర్టుల మీద పెద్ద తెల్లటి గుడారం పరిచి, మరతో గాలి కొట్టి నిలబెట్టేవారు. దాన్ని మేం బుడగ అనేవాళ్ళం. లోపలికి అడుగుపెడితే చెవులు దిబ్బెళ్ళు పడేవి. వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలిసేది కాదు, మనిషికి నీడ ఉండేది కాదు. గోడలు గుండ్రం కావడంతో ఆ చివర గుసగుసలాడితే ఈ చివర చెవిలో పడేది.

ఆ బుడగ కట్టించింది వర్నాకు ముందు కోచ్, ఆమె గురువు డెల్బర్ట్ రస్క్. మొండి మనిషి. చెయ్యి లాగుతోందన్నా, కళ్ళు తిరుగుతున్నాయన్నా ఆయన నోట ఒకటే మాట: "ఇంకొక్కటి." ఆ ఇంకొక్కటితోనే కాలేజీ రోజుల్లో వర్నా కుడి మణికట్టు పాడైంది. ఆమె ఆట అక్కడితో సరి. కాఫీ కప్పు కూడా ఎడమచేత్తోనే ఎత్తేది. అయినా ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. ఆయన చనిపోయాక ఆ ఉద్యోగం ఆమెకే ఇచ్చారు.

నేను చెబుతున్న ఏడు మా జట్టులోకి కైసా మెట్సాలా వచ్చింది. ఇనుప గనుల ఊరి పిల్ల. ఆమె సర్వీసుకు ఎదురు నిలబడటానికి మిగతా పిల్లలు జంకేవారు. కాలేజీల పోటీల్లో కప్పు ఈసారి మాదేనని ఊళ్ళో అందరూ అనుకున్నారు.

జనవరిలో ఒక మధ్యాహ్నం వర్నా, నేనూ వల దగ్గర నిలబడి ఉన్నాం. ఆ చివర కైసా సర్వీసు సాధన చేస్తోంది. "చాలు, పోయి తిను," అని వర్నా కేకేసింది. కైసా రాకెట్టు దించింది. అంతలో నా చెవి పక్కనే ఎవరో మెల్లగా అన్నారు: "ఇంకొక్కటి."

ఆడగొంతో మగగొంతో పోల్చుకోలేకపోయాను. వర్నా ముఖం పాలిపోయింది.

"విన్నావా జోడీ?"

"విన్నాను కోచ్. ఎవరది?"

"డెల్బర్ట్," అందామె.

అవతల కైసా మళ్ళీ బంతి ఎగరేసింది.

తర్వాత కొన్నాళ్ళకు భోజనాల గదిలో సూప్ తాగుతున్నాం. కైసా చెంచా ఎడమచేత్తో పట్టుకుంది. వర్నా అది చూసి లేచి వెళ్ళింది.

"ఎడమచేత్తో తింటున్నావేంటే?"

"ఊరికే కోచ్. సరదాకి."

"నీ సరదా తగలెయ్య, ఆ కుడిచెయ్యిలా పెట్టు."

చొక్కా చెయ్యి కింద గుడ్డ కట్టు కట్టుకుని ఉంది. అది విప్పితే మణికట్టు ఉబ్బిపోయి ఉంది.

"నేను రోజూ చాలు అంటూనే ఉన్నాను కదా! ఎవరు కొట్టమన్నారు నిన్ను?"

కైసా బిత్తరపోయింది. "మీరే కదా కోచ్! పైకి చాలంటారు, వెంటనే చెవిలో ఇంకొక్కటి అంటారు. పరీక్ష పెడుతున్నారనుకున్నా."

"ఆ గొంతు ఎవరిది? ముసలాయనది కాదూ?"

"ముసలాయనెవరు? మీ గొంతే."

పక్కనున్న పిల్లలు కూడా తలలూపారు. "మాకూ వినబడింది కోచ్. అదేంటో, నవ్వుతూ అంటారు మీరు," అంది ఒకమ్మాయి.

మర్నాడు పొద్దున్నే వర్నా నన్ను వెంటబెట్టుకుని బుడగలోకి వెళ్ళింది. లోపల ఎవరూ లేరు. "డెల్బర్ట్, నా పిల్లల జోలికి రాకు," అంది గట్టిగా. గాలి మర గురగురలాడుతోంది. గుడ్డ గోడ ఒకసారి లోపలికి నొక్కుకుని మళ్ళీ ఉబ్బింది. అవతలి చివర నుంచి మాట వచ్చింది: "ఇంకొక్కటి."

నేను వర్నా ముఖమే చూస్తున్నాను. పెదవులు బిగించి ఉంది. కానీ ఆ గొంతు ఆమెదే, అందులో సందేహం లేదు. నిజంగానే ఆ గొంతులో నవ్వు ఉంది.

"ఈసారి నాకూ నా గొంతే వినబడింది," అంది వర్నా.

అటునుంచి అటే క్రీడల డైరెక్టర్ గదికి వెళ్ళింది. "నా పిల్లలు ఇక బుడగలో ఆడరు," అంది.

"మతిపోయిందా వర్నా? కప్పు చేతికందే వేళ!"

"అందకపోతే పోనివ్వండి."

పాత వ్యాయామశాలలో చెక్క నేల మీద సాధన మొదలుపెట్టాం. ఆ నేల మీద బంతి సబ్బుముక్కలా జారిపోయేది. కైసాను వసంతం దాకా రాకెట్టు ముట్టనివ్వలేదు. చిత్తుగా ఓడాం. ఊళ్ళో ఎగతాళి చేశారు. "ఏం వర్నా, టెన్నిస్ మానేసి డాన్సు నేర్పుతున్నావంటగా?" అని చేపల ఎరలు అమ్మే ముసలాయన అడిగితే, "నువ్వూ వచ్చి చేరు, నడుమైనా వంగుతుంది," అంది.

బుడగను మగపిల్లల జట్టు వాడుకుంది. ఏమైనా వినబడుతోందా అని వాళ్ళ కోచ్‌ని అడిగాను. "గాలి మర చప్పుడు తప్ప ఏముంటుంది?" అన్నాడు. అంటున్నంతసేపూ అతని చూపు తలుపు మీదే ఉంది.

వర్నా మాత్రం మారిపోయింది. దూరం నుంచి కేకేయడం మానేసింది. ఏం చెప్పాలన్నా కోర్టు దాటి వెళ్ళి, పిల్ల ఎదురుగా నిలబడి, తన నోరు చూడమని చెప్పి మరీ మాట్లాడేది. కొత్త పిల్లలు చాటుగా నవ్వుకునేవారు. కైసా మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. చెయ్యి బాగై చదువయ్యేదాకా ఆడింది. ఇప్పుడు పశువుల డాక్టరు.

కప్పు మాకు ఎన్నడూ రాలేదు. వర్నా ఉద్యోగం విరమించినప్పుడు ఆ చోటు నాకిచ్చారు. తాళాలు నా చేతిలో పెడుతూ ఆమె ఎదురుగా నిలబడింది.

"నువ్వు అనని మాట అన్నావని ఏ పిల్లయినా చెబితే కోప్పడకు జోడీ," అంది. "ఏమన్నానమ్మా అని అడిగి తెలుసుకో."