పెద్దమ్మ ఆకుపచ్చ షమాదాను

నా చిన్నప్పుడు మా ఆత్మకూరు ఇళ్లలో గాజు వస్తువంటే ఆడవాళ్ల చేతి గాజులు, లాంతరు చిమ్నీ, మహా అయితే గోడకు ఒక అద్దం. అంతకు మించి గాజు సామాను తెచ్చి ఇంట్లో పెట్టుకునే మనిషిని జర తిక్క మనిషి కిందే జమకట్టేవారు. ఆ లెక్కన మా పక్కింటి పెద్దమ్మను మించిన తిక్క మనిషి ఊళ్లో లేదు. ఆమె పాత గాజు షమాదాన్లు పోగుచేసేది. కొవ్వొత్తిని నిలబెట్టే చిన్న స్తంభాన్ని మా వైపు పెద్దవాళ్లు షమాదాను అనేవారు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. సర్కారు దవాఖానలో నర్సు. పెనిమిటి పోయాక ఒక్కతే ఉండేది, ఆదివారం వస్తే చర్చికి వెళ్లేది. మా అమ్మానాన్నలు పొద్దున్నే చేనుకు పోతే నా మకాం ఆమె ఇంట్లోనే. నేను అన్నం తిన్నానో లేదో మా అమ్మ కన్నా ఆమెకే బాగా తెలుసు.

ఆ షమాదాన్లు ఆమెకు ఎక్కడ దొరికేవంటే, దొరల గడీలు ఖాళీ అయినప్పుడు, బంగళాల్లోని తెల్లదొరలు తమ దేశం వెళ్లిపోయినప్పుడు, ఆ సామానంతా పనివాళ్ల ఇళ్లకు చేరింది. పూరింట్లో షమాదానుతో ఎవరికి పని? ఒకాయన దాన్ని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాడు. ఒక అవ్వ దానికి వత్తుల దారం చుట్టి పెట్టుకుంది. పెద్దమ్మ సూది మందు వేయడానికి ఏ ఇంటికి పోయినా ముందు రోగిని చూసేది, తర్వాత మూలలు చూసేది. కనబడిందంటే ఇక ఆ ఇంటివాళ్లను బతిమాలి, బామాలి, కొత్త స్టీలు గిన్నె చేతిలో పెట్టి దాన్ని తెచ్చుకునేది.

తెచ్చిన రోజు మా ఇద్దరికీ పండగే. కుంకుడు నీళ్లతో కడిగి, పాత ధోతి గుడ్డతో తుడిచి, కిటికీలో ఎండకు పెట్టేది. సున్నపు గోడ మీద నీలం, పచ్చ, తేనె రంగు నీడలు పడేవి. ఆ గాజు లోపల చిన్నచిన్న బుడగలుండేవి. అడుగున ఒకచోట గరుకుగా తగిలేది. నా బొటనవేలు పట్టుకుని అక్కడ రాయించి, "ఇది దీని బొడ్డు బిడ్డా. ఎవరో గొట్టం పెట్టి నోటితోని ఊదిండు. ఊదినంక ఈడ తెంపిండు. మనలెక్కనే పుట్టింది," అనేది. దవాఖానలో ఎన్ని బొడ్లు కోసిందో గానీ ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి. నాకు ఆమె అంటే ఎంత ఇష్టమో ఆ ముఖం చూసినప్పుడే తెలిసేది.

మామూలు రోజుల్లో వాటిలో బంతిపూలు, జొన్న కంకులు గుచ్చి అలంకరించేది. క్రిస్మస్ వచ్చిందంటే అన్నిటినీ చర్చికి మోసుకుపోయేది. చిన్న చర్చి, రేకుల కప్పు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పొట్టివి చివర్లకు, పొడుగువి మధ్యకు వచ్చేలా అమర్చేది. ఒకటి పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసేది, మళ్లీ పోయి జరిపేది. కానీ సరిగ్గా నడుమ, శిలువకు అటూ ఇటూ, రెండు చోట్లు ఖాళీగా వదిలేసేది. ఎందుకంటే ఆమె దగ్గర ఒక ఆకుపచ్చ షమాదాను ఉండేది. అరచేతంత వెడల్పు పళ్లెం తలమీద పెట్టుకున్నట్టుండే షమాదాను, అన్నిటిలోకీ అందమైనది. దానికి జోడీ లేదు. "జోడీ దొరికిననాడు రెండూ గీడ పెడ్త," అనేది. జోడీ కోసం గద్వాల సంతలు తిరిగింది, వనపర్తి వీధులు తిరిగింది. చూస్తుండగానే నేను ఒకటో తరగతి నుంచి నాలుగుకు వచ్చాను, నడుమ చోట్లు మాత్రం ఖాళీగానే ఉన్నాయి.

ఒక వానకాలం గాజులమ్మే ఆమె మా వాకిట్లో బుట్ట దించింది. ఊరూరూ తిరిగే మనిషి. కిటికీలో ఆకుపచ్చ షమాదానును చూసి, "అరె, అచ్చం గిసొంటిదే అమరచింతల ఒక మగ్గం ఇంట్ల చూసిన గదమ్మా," అంది. పెద్దమ్మ చేతికి సగం ఎక్కిన గాజు అక్కడే ఆగిపోయింది.

మరుసటి సెలవు రోజే బయలుదేరాం. పెద్ద రేకు డబ్బాలో జొన్నలు పోసి, ఆ జొన్నల్లో ఆకుపచ్చదాన్ని మెడదాకా పాతింది. జతేనా కాదా అని పక్కన పెట్టి చూడాలి కదా. మార్పిడికి ఇవ్వడానికి దాని పక్కనే ఒక తెల్లదాన్ని కూడా పెట్టింది. అది పొడుగ్గా, ఠీవిగా ఉండేది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా మా ఇద్దరి గుండెలూ ఆ డబ్బాలో పడేవి.

ముసురు పట్టి అమరచింతలో మిట్టమధ్యాహ్నమే చీకటిగా ఉంది. ఆ మగ్గం ఇంటికి అప్పటికి కరెంటు రాలేదు. ఇంటావిడ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పట్టు చీర అంచు నేస్తోంది. ఆమెకు కుడివైపున చెక్కపీట మీద మేం వెతుకుతున్న ఆకుపచ్చ షమాదాను, దాని మీద వెలుగుతున్న కొవ్వొత్తి. పెద్దమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. ఆమె కళ్లు తడవడం నేను అదే మొదటిసారి చూశాను.

ఇంటావిడ మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. పెద్దమ్మ వచ్చిన పని చెప్పింది. ఇంటావిడ దారాలు సర్దుతూ తల అడ్డంగా ఊపింది.

"ఏమనుకోకు అక్కా, ఇయ్యలేను. మా అత్త గడీల పనిచేసేటప్పుడు తెచ్చుకున్నది. కిర్సనాయిలు బుడ్డి పెడ్తె పొగ పట్టు చీరెకు అంటుతది. దీని పళ్లెం పెద్దది, మైనం బయటికి కారదు. గందుకే దీని మీద పానం," అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఒక్క దీపమే కావడంతో ఆమె చేతి నీడ ఎడమ అంచు మీద పడుతుందట. ఒకసారి గిలాస బోర్లించి ఎడమవైపు ఇంకో కొవ్వొత్తి పెడితే, మైనం కారి చీర ఖరాబైంది. "సావుకారి ఇంకోపారి ఖరాబైతె పట్టు ఇయ్యనన్నడు. నాకు ఈ మగ్గం తప్ప ఇంకేం తెల్వదక్కా. ఎడమ పక్కంత తడుముకుంటనే నేస్తున్న."

పెద్దమ్మ ఇక అడగలేదు. డబ్బాలోంచి తెల్లదాన్ని తీసి తుడిచి, "ఇది ఆ పక్క పెట్టి సూడు చెల్లె," అంది. వెలిగించారు. దాని నోరు చిన్నది. కాసేపటికే మైనం నిండి, అంచు దాటి, మెడ మీదుగా జారింది. ఇంటావిడ ఉలిక్కిపడి దాన్ని దూరంగా లాగేసింది. పెద్దమ్మ ఇంట్లో ఉన్నవన్నీ అలాంటి చిన్న నోటివే. పళ్లెం ఉన్నది ఒక్కటే, అది డబ్బాలో ఉంది.

పెద్దమ్మ చూపు డబ్బా మీదికి పోయింది. ఏం జరగబోతోందో నాకు అర్థమైంది. గబుక్కున మూత పెట్టేసి, రెండు చేతులూ దాని మీద ఆనించి కూర్చున్నాను. పెద్దమ్మ నన్ను కసరలేదు. నా చేతులు ఒక్కొక్కటిగా పట్టుకుని పక్కకు పెట్టింది, జొన్నల్లోంచి ఆకుపచ్చదాన్ని తీసింది.

మగ్గానికి అటొకటి, ఇటొకటి. అదే ఎత్తు, అదే రంగు, అదే పళ్లెం. తోబుట్టువులే, సందేహం లేదు. రెండు దీపాల నడుమ ఇంటావిడ చేతి నీడ పలచబడిపోయింది. ఆమె చేతులు ఆడించి చూసుకుంది, పోగును మోసే నాడెను అటు విసిరింది, ఇటు విసిరింది. "ఎడమంచు కనవడ్తుందక్కా! పోగు పోగు కనవడ్తుంది!" అని చిన్నపిల్లలా నవ్వింది. మళ్లీ అంతలోనే ఏడ్చింది. పెద్దమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "జోడీ కలిసింది. ఇగ విడదియ్యొద్దు," అని మాత్రం అంది. ఆమె మమ్మల్ని ఊరికే పోనివ్వలేదు. వేడివేడి జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు పెట్టింది. నేను అలిగి ముందు తిననన్నాను, ఆకలికి ఆగలేక తర్వాత తిన్నాను.

బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగేశాను. "గంత తిరిగి, దొరికినంక నీదే ఇచ్చొస్తవా?"

"నేనెందుకు తిరిగిన బిడ్డా? జోడీ కలవాలని. కలిసింది గద! మనింట్ల కలిస్తె మనం సూసుకుంట కూసుంటుంటిమి. ఆడ కలిస్తె ఆమె ఇంట్ల పొయ్యి వెలుగుతది," అంది.

ఆమెకు బాధ కలగలేదని నేను చెప్పను. దారి పొడవునా ఆమె చెయ్యి డబ్బాలోని జొన్నల్ని కెలుకుతూనే ఉంది. కానీ ఇంటికి చేరేసరికి కూనిరాగం తీస్తోంది. అడగడానికి వెళ్లి, ఇచ్చి వచ్చి, అంత నిండుగా నడిచిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. అంత ప్రేమించిన వస్తువును ఇవ్వడం నాకు ఆశ్చర్యం కాదు. ఆ ప్రేమను ఏమాత్రం తగ్గించుకోకుండా ఇవ్వడం, అదీ ఆమె గొప్పతనం.

ఆ ఏడు క్రిస్మస్‌కు చర్చిలో నడుమ చోట్లు ఖాళీగా వదల్లేదు. మిగతావన్నీ దగ్గరికి జరిపి, బంతిపూలు పోసి, ఎప్పటికన్నా అందంగా అమర్చింది. వచ్చినవాళ్లు లెక్కపెట్టి ఇన్ని ఉన్నాయా అని ముక్కున వేలేసుకుంటే, "ఇంకో రెండు అమరచింతల ఉన్నయి," అనేది గర్వంగా. ఆడ ఉంటే నీవి ఎట్లయితయని ఎవరన్నా ఎగతాళి చేస్తే, "నావే. ఆడ పెట్టిన," అని ఖరాఖండిగా చెప్పేది. తర్వాత ఎప్పుడు అటువైపు పోయినా ఆ ఇంటి ముందు ఆగి, అవి వెలుగుతున్నాయో లేదో తొంగి చూసి గానీ కదిలేది కాదు.

పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. ఆమె తిక్క నాకు అంటుకుంది. వనపర్తిలో మా ఇంటి బీరువా నిండా ఇప్పుడు పాత గాజు షమాదాన్లే. నాకు ప్రాణమైనవి కొన్ని ఆ బీరువాలో లేవు. నా కుట్టుమిషను ఎదురింటి అమ్మాయి దగ్గర ఉంది. మా ఆయన హార్మోనియం నాగర్‌కర్నూల్‌లో ఒక పిల్లవాడు వాయిస్తున్నాడు. ఇచ్చిన రోజు రెండింటికీ ఏడ్చాను, దాచుకోను. మొన్న మా మనవరాలు బీరువా ముందు నిలబడి వేలితో ఒక్కొక్కటే చూపిస్తూ లెక్కపెట్టి, "అవ్వా, నీయి గింతేనా?" అంది.

"ఇంకా ఉన్నయి బిడ్డా. ఇంట్ల లేవు, గంతే," అన్నాను.