దిగాల్సిన ఊరు దాటించిన గంప

మా పెద్దవాడికి అయిదో నెల. పాలు తాగి బొద్దుగా ఉన్నవాడికి ఉన్నట్టుండి జ్వరం, వాంతులు వచ్చి మాడు ఉబ్బింది. నల్గొండ దవాఖాన డాక్టరు వెన్నులో నీరు తీసి, సిరా చుక్క కలిపి మైక్రోస్కోపులో చూశారు. "మెదడు పొరలకు బూజు పట్టిందమ్మా. మందు పట్నంలోనే దొరుకుతుంది, ఇప్పుడే వెళ్ళండి" అన్నారు.

పట్నం బస్సులో మా అత్తమ్మ ఊరుకోలేదు. "పసిపోరనికి బూజేంది? నార్కట్‌పల్లిల దిగి వాత పెట్టిద్దాం."

పక్కనే కోళ్ళ గంపతో కూర్చున్న ముసలామె అందుకుంది. "అక్కా, తొక్కుకు బూజు పడితే జాడీకి వాత పెడ్తవా?"

"నీకేమన్న పిచ్చా? నూనె కాగబెట్టి పోస్త."

"మరి పోరనికి గూడ లోపటికి మందు పోనియ్యి!"

బస్సంతా నవ్వింది. నార్కట్‌పల్లి రాగానే అత్తమ్మ రోషంగా పిల్లవాణ్ణి ఎత్తుకుని లేచింది. ముసలామె అంతకుముందే గంపను తలుపుకు అడ్డం పెట్టి, పక్కనే చతికిలబడింది. కోళ్ళు ఒకటే గోల.

"జర జరుగు!"

"మోకాళ్ళు పట్టుకున్నయక్కా, లేవస్తలేదు."

బస్సు కదిలింది. "అవ్వా, నీ టికెట్టు గీ ఊరికే గదా?" అన్నాడు కండక్టరు. ఆమె గంపలో కోళ్ళను సర్దుతూ కూర్చుంది.

తర్వాతి ఊరు చిట్యాలలో చటుక్కున లేచి, గంప నెత్తికెత్తుకుని, వచ్చిన దారినే చకచకా వెనక్కి నడిచింది.

పట్నంలో వారాల తరబడి సెలైనులో మందెక్కించి పిల్లవాణ్ణి దక్కించారు. ఆమె పేరు తెలియదు. దీపం పెట్టినప్పుడల్లా, ఆ మోకాళ్ళు చల్లగా ఉండాలని దండం పెట్టుకుంటాను.