సలేశ్వరం దారిలో బాలమ్మ ఆగింది

ఛత్రినాకలో బాలమ్మ మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరని కాదు, చెప్పి నెగ్గినవాళ్లు లేరు. ఆమెకు యాభై దాటాయి. చాన్నాళ్ల కింద ఒక వానాకాలం పొద్దున, మొగుడు రామ్‌చందర్ రెండు క్యాన్ల పాలతో సహా అలియాబాద్ దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆ ఇంటి పాల సైకిల్ ఆమె చేతికొచ్చింది. అంతకుముందు ఆమెకు సైకిల్ తొక్కడం రాదు. గల్లీలో నేర్చుకుంటుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. వాళ్లను నవ్వనిచ్చి, మోకాళ్లు చెక్కుకుపోయినా లెక్కచేయకుండా, క్యాన్లు కట్టుకుని లాల్‌దర్వాజా దాకా పోయి వచ్చింది. ఇప్పుడు ఆమె సైకిల్ గంట వినబడకపోతే ఆ నవ్వినవాళ్ల ఇళ్లల్లోనే చాయ్ పొయ్యెక్కదు.

ఆ బస్తీ పాలవాళ్లకు ఒక రివాజుంది. చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలో సలేశ్వరం లింగమయ్య జాతర జరుగుతుంది. ఏడాదంతా మూసి ఉండే అడవి దారిని ఆ కొద్ది రోజులే తెరుస్తారు. ఎండలు నెత్తిన నిప్పులు పోసే కాలం. లోకమంతా బస్సుల్లో, కార్లల్లో వెళ్తే ఛత్రినాక పాలవాళ్లు మాత్రం పాలు మోసే సైకిళ్ల మీదే వెళ్తారు. ఇంటికొక సైకిల్ పోవాలి. ఏ ఇంటి సైకిలైనా వరసగా రెండేళ్లు పోకపోతే ఆ ఇల్లు జట్టులో లేనట్టే. జట్టు అంటే ఊరికే దేవుడి సంగతి కాదు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు వాళ్ల వాడిక ఇళ్లకు పాలు పోస్తారు, ఒకరి బర్రె వట్టిపోతే ఇంకొకరు పాలు సర్దుతారు. జట్టు లేని పాలమనిషి కాలు విరిగితే ఆ ఇల్లు ఏమవుతుందో బాలమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రామ్‌చందర్ మంచాన పడ్డాక ఆ ఇంటి తరఫున మరిది రవీందర్ వెళ్లేవాడు. రవీందర్‌కు గుండె ఆపరేషనయ్యాక నిరుడు ఎవరూ పోలేదు. ఈ ఏడు కూడా పోకపోతే అంతే. కొడుకు మహేష్ మోటార్‌సైకిల్ మీదైతే వస్తానన్నాడు. మోటార్‌సైకిల్ లెక్కలోకి రాదు. బాలమ్మ ఎవరినీ అడగలేదు. రోజూ తొక్కేది తనే అయినప్పుడు దేవుడి దగ్గరికి తొక్కేది కూడా తనేనని జట్టు పెద్ద జగదీశ్వర్ ఇంటి ముందు నిలబడి చెప్పేసింది.

జగదీశ్వర్ చెడ్డవాడు కాదు. జాతరకు ఆడవాళ్లు వేలల్లో వస్తారని అతనికీ తెలుసు. అతని ఇబ్బంది వేరే.

"ఆడమనిషి ఉంటే ఆగుడెక్కువైతది వదినా. ఎండ ముదరకముందే నీడకు చేరాలె. నీ ఒక్కదాని కోసం అందరం ఆగుకుంట పోతే ఎట్ల?"

బాలమ్మకు ఒళ్లు మండింది. కోపం ముందు పుట్టి మనిషి తర్వాత పుట్టినట్టుంటుంది ఆమె తీరు.

"నా కోసం ఒక్కసారి గూడ ఆగకు. నేను ఆపితే నన్నూ నా సైకిల్‌నూ ట్రాలీల ఎక్కియ్. మా ఇల్లు జట్టుల లేదనుకో."

ట్రాలీ అంటే సామాన్లూ నీళ్ల డ్రమ్ములూ మోసుకుంటూ జట్టు వెనకాల వచ్చే ఆటో. దాన్ని జగదీశ్వర్ మేనల్లుడు నగేష్ నడుపుతాడు. ట్రాలీ ఎక్కిన సైకిల్ దేవుడి దాకా పోయినట్టు లెక్క కాదు. ఇంతకన్నా పెద్ద ఒట్టు పాలవాళ్లలో లేదు. అందరి ముందూ ఆ ఒట్టు పెట్టుకుని ఇంటికొచ్చింది.

రామ్‌చందర్ వద్దనలేదు. అంటే వింటుందని అతను ఏనాడూ అనుకోలేదు. గోడకానుకుని కూర్చుని ఆ దారిలో తనకు తెలిసిందంతా చెప్పుకొచ్చాడు. పాలు మోసే అలవాటు కొద్దీ వెనక చక్రంలో రాయిలా గాలి కొడతాం, ఆ గాలితో కాలే తారురోడ్డెక్కితే ట్యూబు పగులుతుంది, వేలితో నొక్కితే కాస్త లొంగేటట్టు ఉంచమన్నాడు. నీళ్ల క్యాన్‌కు గోనెపట్టా చుట్టి తడుపుతూ ఉంటే గాలి తగిలేకొద్దీ నీళ్లు చల్లబడతాయన్నాడు. తువ్వాల తడిపి మెడ మీదికి వేలాడేటట్టు కట్టుకోవాలి. చీకటితో బయల్దేరాలి, ఎండ నెత్తి మీదికొస్తే చెట్టు కింద పడుకోవాలి, నీడలు సాగేదాకా లేవకూడదు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఉండగా కూల్‌డ్రింకుల జోలికి పోవద్దు. డిండి దాటాక దుకాణాలు తగ్గిపోతాయి, కనబడిన చోటల్లా అవసరమున్నా లేకున్నా నీళ్లు నింపుకోవాలి. ఎక్కుడు రాగానే దిగి నడవాలి, తొక్కినంత మాత్రాన లింగమయ్య ఎక్కువ పుణ్యమేమీ రాయడు. అన్నిటికన్నా ముఖ్యం, దాహమయ్యేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూనే ఉండాలి.

అన్నీ చెప్పాడు పాపం. ఆ తాగిన నీళ్లు ఎక్కడ వదలాలో చెప్పలేదు. మగవాడికి ఆ ప్రశ్నే రాదు. రోడ్డుకు వీపు చూపిస్తే చాలు, వాడికి దేశమంతా మరుగే.

బాలమ్మ సంగతి వేరు. ఇన్నేళ్లుగా పాలు పోయడానికి బయల్దేరే ముందు ఆమె నోరు పుక్కిలించి ఉమ్మేస్తుంది, చుక్క మింగదు. శాలిబండ, మొగల్‌పురా గల్లీలన్నీ తిరిగి ఇల్లు చేరేదాకా అంతే. మధ్యలో ఒంటికి పోవాలంటే ఎక్కడికి పోవాలి? పాలు పోయించుకునే ఇల్లు పాలమనిషిని గుమ్మం దాటి లోపలికి రానివ్వదు. ఈ విద్య ఏ బడిలోనూ చెప్పరు, అయినా మన ఊళ్లో బయట పనికి పోయే ప్రతి ఆడదానికీ వచ్చు. ఇది కూడా ఒక కష్టమని మొగుడికి చెప్పుకోవాలని బాలమ్మకు ఎప్పుడూ తోచలేదు.

కోడలు స్రవంతి తన పాత పంజాబీ డ్రెస్సు ఇచ్చింది. అది తొడుక్కుని, తలకు తడి తువ్వాల కట్టుకుని, బాలమ్మ జట్టుతో బయల్దేరింది. చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్ చీకట్లోనే దాటారు. తుక్కుగూడ దగ్గర తెల్లారింది. తొక్కడంలో ఆమె ఎవరికీ తీసిపోలేదు. పాల క్యాన్లు లేని సైకిల్ ఆమెకు దూదిలా అనిపించింది. జగదీశ్వర్ వెనక్కి తిరిగి నీళ్లు తాగుతున్నావా అని అడిగినప్పుడల్లా గ్లాసు ఎత్తి పెదాలు తడుపుకుని దించేది. మిగతా నీళ్లు గోనెపట్టా మీద పోసేది. చూసేవాళ్లకు బాగా తాగుతున్నట్టే ఉండేది. ఆ రాత్రి కల్వకుర్తిలో ఫంక్షన్ హాల్లో దిగాక, అక్కడ బాత్రూమ్ ఉంది కాబట్టి, కడుపారా తాగింది. అప్పటికే తల పగిలిపోతోంది.

రెండో రోజు డిండి దాటాక ఎండ విశ్వరూపం చూపించింది. రోడ్డు మీద చెట్టు లేదు, పక్కన పొద లేదు, కోసేసిన చేలు ఎర్రగా కాలిపోయి ఉన్నాయి. ఒకతను గాలి తగ్గించడం మరిచిపోయినట్టున్నాడు, ట్యూబు ఢామ్మని పేలింది. జట్టంతా ఆగింది. బాగయ్యాక బీడీ ముట్టించుకుందామని ఆగారు. ఇంకాస్త దూరం పోయాక అందరూ రోడ్డు పక్కన వరసగా నిలబడి ఒంటికి కానిచ్చారు. బాలమ్మ సైకిల్ పట్టుకుని అటు తిరిగి నిలబడింది. ఆమెకు అవసరం పొద్దుటి నుంచీ ఉంది, పొత్తికడుపు రాయిలా ఉంది. కార్లు రయ్యిమని పోతున్నాయి. నేనూ పోయొస్తానని నోటిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి మింగేసింది. గొంతులో మింగడానికి తడి కూడా లేదు.

హాజీపూర్ ఇంకా రాకముందే ఆమెకు చెమట పట్టడం ఆగిపోయింది. అంత ఎండలోనూ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చెమట ఆగిందంటే ప్రాణం మీదికొచ్చిందని రామ్‌చందర్ చెప్పే ఉన్నాడు. గుర్తు చేసుకునే తెలివి అప్పటికే తప్పింది. రోడ్డు ఒక పక్కకు ఒరిగినట్టయింది. సైకిల్‌తో సహా పడిపోయింది.

కళ్లు తెరిచేసరికి చింతచెట్టు నీడలో ఉంది. ఒంటి మీద తడి గోనెపట్టాలు కప్పి, నగేష్ అట్టముక్కతో విసురుతున్నాడు. ఉప్పు మజ్జిగ కొద్దికొద్దిగా తాగించారు. ఈసారి ఆమె నిజంగానే మింగింది. జగదీశ్వర్ ముఖం పాలిపోయి ఉంది. ప్రాణం కన్నా ఏదీ ఎక్కువ కాదని, ఇక ట్రాలీలో రమ్మని మెల్లగా చెప్పి, ఆమె సైకిల్‌ను తనే ఎత్తి ట్రాలీలో పెట్టాడు. అతను మంచికే పెట్టాడు. ఆ ఇనుప చప్పుడుకు బాలమ్మ లేచి కూర్చుంది.

"దించు."

ఆమె చెట్టు మొదలును పట్టుకుని నిలబడింది.

"ఒట్టు నేనే పెట్టిన, నేనే తీస్తున్న. అది మొండి ఒట్టు కాదు, తప్పు ఒట్టు. పొద్దుటి సంది మీరెన్నిసార్లు ఆగిన్రో నేను చూసిన. ట్యూబుకు ఆగిన్రు, బీడీకి ఆగిన్రు, ఒంటికి ఆగిన్రు. అది ఆగుడు కాదు, నేను ఆగితేనే ఆగుడా? నీళ్లు తాగితే ఆపాల్సొస్తదని నిన్నటి సంది దారిల నేను తాగలే. గందుకే పడ్డ, చేతగాక పడలే."

బాలమ్మ ట్రాలీలోంచి తన దుప్పటి తీసుకుని, ఒక కొస చెట్టు కొమ్మకూ ఇంకో కొస ట్రాలీ కమ్మీకీ కట్టింది. ముడి ఒక పట్టాన పడటం లేదు. నగేష్ సాయానికి వస్తే వద్దంది. మగవాళ్లందరూ అటు తిరిగి రోడ్డును చూస్తూ నిలబడ్డారు. ఆమె తీరిగ్గా దుప్పటి వెనక్కి పోయి, తీరిగ్గా ఇవతలికొచ్చింది. సిగ్గు పడాల్సింది తను కాదని ఆమెకు అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లు ఎందుకు తెలియలేదని తన మీదే కోపమొచ్చింది.

పొద్దు వాలేదాకా పడుకుని, మజ్జిగా నీళ్లూ తాగుతూనే ఉంది. తర్వాత సైకిల్ దించుకుంది. ఇక నుంచి తనకు కావలసినప్పుడల్లా ఆగుతానని, ఇష్టమున్నవాళ్లు ఆగవచ్చని, లేనివాళ్లు పోవచ్చని చెప్పింది. జగదీశ్వర్‌కు మాట తగిలింది. ట్రాలీని ఆమె వెనకాల ఉండమని చెప్పి, జట్టును తీసుకుని ముందుకు పోయాడు. అందులో ఒకడు, ట్రాలీ ఎక్కిన సైకిల్ ఎక్కినట్టేనని, ఇక ఆ ఇల్లు పోయినట్టేనని ఆమెకు వినబడేలా అన్నాడు. బాలమ్మ సైకిల్ పట్టుకుని కదిలింది. ఒళ్లు ఇంకా తూలుతుంటే ఎక్కువసేపు నడిచింది, తక్కువసేపు తొక్కింది. తాగింది, దుప్పటి కట్టింది, మళ్లీ తాగింది. ఆ రాత్రి మన్ననూరులో పడుకుని, తెల్లవారుజామున చల్లపొద్దున ఘాట్ రోడ్డు మొత్తం సైకిల్ నడిపించుకుంటూ ఫర్హాబాద్ అడవి గేటు చేరింది. సైకిల్ లెక్క అక్కడిదాకే, అన్నీ అక్కడ వదిలి జీపుల్లో లోపలికి పోవాలి. జట్టువాళ్ల సైకిళ్ల వరసలో తన సైకిల్ కూడా స్టాండు వేసింది. వద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు. లోయలోకి దిగి, జలధార కింద నిలబడి, 'వచ్చిన, లింగమయ్యా' అని అందరితో పాటు గొంతెత్తి అరిచి వచ్చింది.

తిరుగు దారిలో అందరూ కలిసే ఉన్నారు. ఇల్లు జట్టులో ఉన్నట్టా, పోయినట్టా అన్నది మాత్రం జగదీశ్వర్ నోట్లోనే ఉంది. ఇంటికెళ్లి రామ్‌చందర్‌కు ఏం చెప్పాలో బాలమ్మకు తెలియలేదు.

వెల్దండ దాటాక ఒక పెట్రోల్ బంకు వచ్చింది. బాలమ్మ ఆగింది. ఆడవాళ్ల బాత్రూమ్‌కు తాళమేసి ఉంది. చాబీ అడిగితే, మేనేజర్ దగ్గరుందని, ఆయన భోజనానికి పోయాడని, బయట ఎక్కడన్నా చూసుకొమ్మని పెట్రోల్ కొట్టే మనిషి చెప్పాడు. బయట ఎక్కడ అని బాలమ్మ అడిగింది. అతను నవ్వాడు.

బాలమ్మ తన సైకిల్‌ను తీసుకెళ్లి, బండ్లు పెట్రోల్‌కు వచ్చే దారికి అడ్డంగా పడుకోబెట్టి, దాని పక్కన నేల మీద కూర్చుంది. చాబీ వచ్చేదాకా లేవనంది. ఒక కారు హారన్ కొట్టింది, వెనక లారీ కొట్టింది. అటునుంచి ఎవడో తిట్టాడు. మగవాళ్ల సైకిళ్లు అప్పటికే ముందుకు పోయాయి. లొల్లి విని వెనక్కి తిరిగారు. జగదీశ్వర్ దిగి ఆమె దగ్గరికి నడిచొచ్చాడు. లేచి రమ్మంటాడని, ఆలస్యమవుతోందంటాడని బాలమ్మ దవడ బిగించి కూర్చుంది. ఎవరేమన్నా ఈసారి లేవదలుచుకోలేదు.

జగదీశ్వర్ ఆమె వైపు చూడలేదు. తన సైకిల్‌ను ఆమె సైకిల్ పక్కనే పడుకోబెట్టాడు. దుమ్ము దులుపుకుని కింద కూర్చున్నాడు.

"మా జట్టు సైకిల్ ఆగింది. ఒక్కటి ఆగితే అన్నీ ఆగుతయ్," అన్నాడు పెట్రోల్ కొట్టే మనిషితో. "చాబీ తెప్పియ్."

ఒక్కొక్కటే సైకిళ్లన్నీ వచ్చి పడుకున్నాయి. కాసేపటికి మేనేజర్ మూతి తుడుచుకుంటూ చాబీ పట్టుకుని పరుగున వచ్చాడు. చాబీ అందుకున్నాక కూడా బాలమ్మ వెంటనే లోపలికి పోలేదు. క్యాన్ ఎత్తి, అందరూ చూస్తుండగా, కడుపు నిండేదాకా గటగటా నీళ్లు తాగింది.