అప్ప నూతి మీద తెట్టు

గరివిడి పక్క మాంగనీసు గనుల్లో రాయి మోసినవాణ్ణి. బడి మొహం చూడలేదు. నాకొచ్చిన భూగర్భశాస్త్రమంతా అట్టలూడిన పాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నదే. భూమి పొరలు ముడతపడి పైకి ఉబ్బినచోట, ఆ ఉబ్బు కింద చమురు చేరుతుందని చదివాను. మా కొండల్లో ఎటు చూసినా ముడతలే. మరి సర్వేవాళ్ళు సముద్రంలో వెతుకుతారుగానీ మా వైపు తిరిగి చూడరేమని నాకు ఒళ్ళుమంట.

పోయిన వేసంగిలో మా అప్ప పెరటి నూతిలో నీళ్ళ మీద తెట్టు కట్టింది. నెమలి ఈక రంగులు.

"పెట్రోలియమే. ఒక్క చుక్క ముట్టకు" అన్నాను.

అప్ప నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అయినా నా మాట విని, నొప్పుల మోకాళ్ళతోనే పొలంగట్ల మీదుగా వెళ్ళి బోరింగు నుంచి బిందె మోసింది. అడిగినవాళ్ళకల్లా "మా తమ్ముడు సెప్పినాడు. ఆడు సదివినోడు" అనేది. నేను సర్వేవాళ్ళకి అర్జీ మీద అర్జీ రాశాను.

చివరికి నీటి సర్వేకి ఒకమ్మాయి వచ్చింది. అప్ప బోరింగు దగ్గరుంది. ఆ అమ్మాయి వేపపుల్ల విరిచి, చేదలో తోడిన నీళ్ళ మీద తెట్టును కదిపింది. అది అప్పడంలా ముక్కలైంది. ముక్కలు మళ్ళీ కలవలేదు.

"నూనైతే కలిసిపోతుంది తాతగారూ. ఇది నీళ్ళలో ఇనుము వల్ల కట్టింది. ముడతల మాట నిజమే. కానీ ఈ రాళ్ళు లోపలెప్పుడో ఉడికి మారిపోయాయి. చమురున్నా మిగలదు. నుయ్యి పూడిక తీయించి వాడుకోండి."

"పుల్లతో తేల్చేస్తావేటమ్మా?" అని కసిరి పంపేశాను.

అప్ప వచ్చి అడిగింది. "ఏటన్నాదిరా ఆ పిల్ల?"

"ఇంకా తేల్చలేదు" అన్నాను.

ఇంటికెళ్ళి పళ్ళెంలో నీళ్ళు పోసి, మోపెడ్ లోంచి తీసిన పెట్రోలు ఒక చుక్క వేసి, పుల్లతో గీశాను. విడిపోయింది, మళ్ళీ కలిసింది. ఎన్నిసార్లు గీసినా కలిసింది.

పది రోజులు నోరెత్తలేదు. పది రోజులూ అప్ప మోసింది. పదకొండో రోజు ఆవిడ గట్టు మీద బిందె దించి మోకాలు పట్టుకు కూర్చుంటే చూడలేక చెప్పేశాను.

"నీకెప్పుడు తెలిసినాదిరా?"

"ఆ రోజే."

అప్ప బిందెలో నీళ్ళు అక్కడే ఒంపేసి ఇంటికి నడిచింది.

ఇప్పుడు ఎవరడిగినా "పూడిక తీయించినాను, నీళ్ళు బాగున్నాయి" అంటుంది. తమ్ముడు చెప్పాడన్న మాట మాత్రం ఆ నోట మళ్ళీ వినలేదు.