పుచ్చుకోవడం నేర్చుకున్న మాస్టారు

మా మాస్టారు పోయారు. నేను పనిచేస్తున్న నందిగామ కళాశాల కార్యాలయానికి కిందటి నెలలో ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. "మీ మాస్టారు జ్వరంతో ఆఫ్రికాలో, ఆ మలావి దేశంలోనే కన్నుమూశారండీ. ఆయన కోరుకున్నట్టే అక్కడే సమాధి చేశారట" అని అవతలివారు నెమ్మదిగా చెప్పారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నేను లేచిన సంగతి ఫోనులో ఉన్నవారికి తెలిసే అవకాశం లేదు. అయినా ఆ వార్తను కూర్చుని వినడం నాకు సాధ్యం కాలేదు.

పాఠకులకు నన్ను నేను పరిచయం చేసుకోవడం మర్యాద. నేను బి.ఏ. పట్టభద్రుణ్ణి. పగటి బడిని రెండో తరగతిలోనే వదిలి తాపీ పనిలో చేరినవాణ్ణి. ముప్పై ఏళ్ళు దాటిన తర్వాత జగ్గయ్యపేటలో ఒక రాత్రి బడిలో కూర్చుని మళ్ళీ అక్షరాలు దిద్దాను. ఆ తర్వాత పదో తరగతి ప్రైవేటుగా రాశాను, సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకున్నాను. ఆ రాత్రి బడిని నడిపినవారే మా మాస్టారు. ఆయన నాకంటే పదేళ్ళు చిన్నవారు. వయసులో చిన్నవాణ్ణి మాస్టారూ అని పిలవడానికి నేను ఏనాడూ వెనుకాడలేదు. ఆయన కూడా మాలో ఏ ఒక్కరినీ "గారు" చేర్చకుండా పిలవలేదు. మా జీవితంలో మాకు గారు తగిలించిన మొదటి మనిషి ఆయనే.

నిజానికి ఉపాధ్యాయ వృత్తి ఆయనది కాదు. ఆయన మిషనరీ కావడానికి శిక్షణ పొందుతున్న యువకుడు. విదేశాల్లో సేవకు వెళ్ళదలచినవారికి శిక్షణ ఇచ్చే చిన్న సంస్థ ఒకటి అప్పట్లో నందిగామలో ఉండేది. అక్కడ చదువు ముగిశాక ప్రతి విద్యార్థినీ ముఖపరిచయం లేని ఊరికి ఒంటరిగా పంపేవారు. అక్కడ ఒక ఏడాది బతకాలి. ఏదైనా పనికొచ్చే సేవ చేయాలి. మతబోధ మాత్రం చేయకూడదు. చీరాల వైపు నుంచి వచ్చిన మా మాస్టారికి జగ్గయ్యపేట పడింది. తొంభైల నడిమి సంవత్సరాల మాట అది.

ఊళ్ళో మిరపకాయల వ్యాపారం చేసే శెట్టిగారి గోడౌన్‌లో రాత్రి బడికి ఒక మూల అద్దెకు ఇమ్మని మాస్టారు అడిగారు. వెనక గదిలో ఉంటానన్నారు. ఆ రోజు ఆ గోడౌన్‌లో గచ్చు పని నాదే కాబట్టి ఆ సంభాషణ నా చెవిన పడింది.

"చదువు చెప్పుకో నాయనా, మంచిదే. ప్రార్థనలు మాత్రం నా గోడౌన్లో పెట్టొద్దు" అన్నారు శెట్టిగారు.

"ఈ ఏడాదంతా నేను బయట కూడా పెట్టకూడదండీ. మా నియమం" అన్నారు మాస్టారు.

శెట్టిగారి తల్లి, మేమంతా మామ్మగారు అని పిలిచే పెద్దావిడ, లోపలినుంచే అడిగారు. "ఏడాది అయ్యాకో?"

"అయ్యాక నేనీ దేశంలోనే ఉండనండీ మామ్మగారూ."

"అట్లా అయితే ఉండనీరా" అన్నారావిడ కొడుకుతో.

మిరప గోతాల మధ్య బడి అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తుమ్ము అపశకునమని మాలో సగం మందికి గట్టి నమ్మకం. ఆ గోడౌన్‌లో తుమ్ము వినపడని నిమిషం లేదు. ఎవరు తుమ్మినా అక్షరం రాయబోతున్న చేయి ఆగిపోయేది. మాస్టారు నవ్వేవారు కాదు, మందలించేవారు కాదు. సుద్దముక్క పట్టుకుని తానూ ఆగేవారు. "ఇప్పుడు రాద్దామాండీ?" అని అడిగి, మేము తలూపితేనే ముందుకు సాగేవారు. బడి ముగిశాక నల్లబల్లను తడిగుడ్డతో తానే తుడిచేవారు. తన నీళ్ళు తానే తోడుకునేవారు, తన అన్నం తానే వండుకునేవారు. ఎవరింటికి వెళ్ళినా, కాఫీ తాగండి మాస్టారూ అంటే, "ఇప్పుడే తాగానండీ" అనేవారు. మామ్మగారు వసారాలో ఆయన కోసమని వేరే గ్లాసు ఒకటి ఉంచారు. దాన్ని ఆయన ముట్టుకోవలసిన అవసరం ఆ ఏడాదంతా రాలేదు. ఎంత నిరాడంబరుడో, ఎవరికీ ఎంత భారం కాడో అని మేము మురిసిపోయాము.

ఏడాది చివర మాస్టారు మాకొక మాట చెప్పారు. నందిగామ నుంచి తమ పెద్దయ్యగారు వస్తారట. ఆయన యౌవనంలో చాలాకాలం పరదేశంలో సేవచేసి వచ్చిన వృద్ధుడు. ఎవరిని విదేశానికి పంపాలో నిర్ణయించేది ఆయనేనట. తన విద్యార్థిని ఒక్క ప్రశ్న కూడా అడగరట. ఊరివాళ్ళతోనే మాట్లాడతారట.

"ఆయన అడిగిందానికి ఉన్నది చెప్పండి, చాలు" అన్నారు మాస్టారు.

అంతమాత్రం చెబితే మేము ఊరుకుంటామా? ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో మాకు తెలుసు. అధికారి వచ్చిన రోజున పంతులు పరువు పిల్లల నోట్లో ఉంటుంది. అందువల్ల మాస్టారికి తెలియకుండా మేమందరం తయారయ్యాము. కోదాడ వైపు నుంచి వచ్చి మా బజారులో కూరగాయలమ్మే ఒకామె ఎక్కాలు వల్లెవేసింది. నేను మాస్టారి సుగుణాలపై ఒక ప్రసంగం కంఠస్థం చేశాను. శెట్టిగారి గోడౌన్ కడిగించాము.

పెద్దయ్యగారు బస్సు దిగి, చేతిసంచీతో నడిచి వచ్చారు. ఉతికిన పంచె, చేతికర్ర. బల్ల మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, అందరినీ ఒకే ప్రశ్న అడిగారు.

"మా అబ్బాయికి మీరేం నేర్పారండీ?"

ప్రశ్న తిరగబడి వచ్చిందనుకున్నాము. పెద్దాయన కదా, పొరపాటున అని ఉంటారని సర్దుకున్నాము. మాస్టారు మాకు నేర్పిన ఎక్కాలు ఒప్పజెప్పాము. నేను ప్రసంగం పూర్తిగా చెప్పాను. పెద్దయ్యగారు ఓపికగా విన్నారు. చివరికి మామ్మగారి వైపు తిరిగి అదే ప్రశ్న వేశారు.

మామ్మగారు మా అందరికంటే గొప్పగా మెచ్చుకున్నారు. "ఆ అబ్బాయికి ఒకరు నేర్పేదేముంది బాబూ? బంగారం. ఏడాది నుంచి మా వెనక గదిలో ఉన్నాడా, ఒక్క రోజైనా అగ్గిపుల్ల అడిగి ఎరగడు. ఇంకొకళ్ళ ముందు చెయ్యి చాచే రకం కాదు."

మా ప్రాంతంలో మనిషిని ఇంతకుమించి పొగడలేము. మేమందరం అవునవునన్నాము. పెద్దయ్యగారు మాత్రం చేతికర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు నేలను చూశారు.

మర్నాడు సాయంత్రం మాస్టారు నల్లబల్ల ముందు నిలబడి, తనను ఈ ఏడాది పంపడం లేదని చెప్పారు. తోటివాళ్ళు ప్రయాణమవుతారు. తాను మరో ఏడాది ఇక్కడే ఉండాలి. అప్పుడు కూడా పెద్దయ్యగారు వద్దంటే ఇక ఎన్నటికీ పంపరు.

కూరగాయలామె ముందుగా నోరు తెరిచింది. "మేమేమన్న తప్పు జెప్పినమా సారూ?"

"మీరేం తప్పు చెప్పలేదమ్మా. ఉన్నదే చెప్పారు. అందుకే ఆగిపోయా" అన్నారాయన.

పెద్దయ్యగారు అన్న మాటను ఆయనే మాకు చెప్పారు. "నీకు ఇచ్చే చెయ్యి ఉంది, పుచ్చుకునే చెయ్యి లేదు. పుచ్చుకోవటం రానివాడు పరాయి దేశంలో దొరగా మిగిలిపోతాడు, చుట్టం కాలేడు." ఆ మాట చెబుతున్నప్పుడు మాస్టారి గొంతు స్థిరంగానే ఉంది. సుద్దముక్క మాత్రం రెండుగా విరిగింది.

తోటివారిని సాగనంపడానికి ఆయన నందిగామ వెళ్ళి, ఆ సాయంత్రానికే తిరిగి వచ్చి పాఠం చెప్పారు. అందరూ వెళ్ళాక నన్ను ఆపి, "మేస్త్రీగారూ, ఇంటికెళ్ళిపోదామా అనిపిస్తోందండీ. అడగటం నాకు చేతకాదు. చిన్నప్పట్నుంచీ అడక్కుండా బతకటమే గొప్పని పెంచారు" అన్నారు.

నేను కూడా అలాగే పెరిగినవాణ్ణి. "మీకు చేతకానిది నేర్చుకోవాలంటే ఎవర్నో ఒకర్ని అడగాలి గదా మాస్టారూ. అదీ అడగటమేనేమో" అన్నాను. అది తెలివిగా అన్న మాట కాదు, నోటికొచ్చిన మాట.

మర్నాడు ఉదయం నేను గోడౌన్ ముందు ఇసుక జల్లిస్తుండగా ఆయన శెట్టిగారి వసారాలోకి వెళ్ళి నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి. "మామ్మగారూ, కొంచెం కాఫీ ఇస్తారా?" అన్నారు.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. "ఏం నాయనా, ఒంట్లో బాగాలేదా?" అంటూ మామ్మగారు గాభరాగా బయటికి వచ్చారు.

ఆ రోజు కాఫీ వేరే గ్లాసులోనే వచ్చింది. ఆయన తాగి, కడిగి, బోర్లించి వెళ్ళారు. మర్నాడు మళ్ళీ అడిగారు. ఆ గ్లాసు ఎప్పుడు మాయమై ఇంట్లో గ్లాసుల్లో కలిసిపోయిందో మామ్మగారిని అడిగినా చెప్పలేరు.

ఆ రెండో ఏడాది ఆయన పడిన శ్రమ మొదటి ఏడాది బోధించడంలో పడిన శ్రమ కంటే పెద్దదని నా దృఢాభిప్రాయం. శనివారాల్లో నా వెంట పనికి వచ్చేవారు. పరదేశంలో రేపు ఒక గది కట్టుకోవలసి రావచ్చు, నేర్పండి అన్నారు. ఇసుకా సిమెంటూ వేసి మాలు కలపమంటే నీళ్ళు ఎక్కువ పోసేవారు. తిట్టడానికి నాకు నోరు రాక, "మాస్టారూ, ఇది సిమెంటండీ, మజ్జిగ కాదు" అనేవాణ్ణి. తాపీ పట్టిన చేతికి బొబ్బలెక్కితే, దాచుకోకుండా చూపించి ఏం రాయాలో అడిగేవారు.

ఆ ఏడాదే మా నాన్నగారు చనిపోయారు. మాస్టారు కబురు అందగానే వచ్చారు. ఓదార్పు మాటలు ఆయనకు శిక్షణలో నేర్పే ఉంటారు. కానీ గడపలో నన్ను పక్కకు పిలిచి, "మేస్త్రీగారూ, మీ ఇళ్ళల్లో ఇప్పుడు నేనేం చెయ్యాలి? నాకు తెలియదు, చెప్పండి" అని మెల్లగా అడిగారు.

"అరుగు మీద కూర్చోండి. ఏం మాట్లాడక్కర్లేదు" అన్నాను.

ఆయన సాయంత్రం దాకా కూర్చున్నారు. మా పెద్దలు చెప్పినప్పుడు లేచారు, చెప్పినప్పుడు నడిచారు. మా అమ్మ తర్వాత చాలాకాలం అనేది, "ఆ అబ్బాయి ఏ దేవుణ్ణి నమ్మితే మనకేంరా, కూర్చోవటం తెలిసిన మనిషి" అని.

రెండోసారి పెద్దయ్యగారు వచ్చే సంగతి మాస్టారు మాకు చెప్పలేదు. బహుశా ఆయనకే తెలియదు. పెద్దయ్యగారు నేరుగా గోడౌన్‌కు వచ్చారు. మామ్మగారు వసారాలో మిరపకాయల తొడిమలు తీయిస్తున్నారు. నేను పక్కన ప్రహరీ కడుతున్నాను. కడిగించడానికీ వల్లెవేయడానికీ వ్యవధి లేకపోయింది.

"మా అబ్బాయికి ఏం నేర్పారమ్మా?"

మామ్మగారు తలెత్తకుండానే మొదలుపెట్టారు. "నేర్పటమా? చంపుకు తిన్నాడు బాబూ. పొద్దున్నే కాఫీ అంటాడు. పప్పులో ఇంగువ ఎప్పుడెయ్యాలంటాడు. గోంగూర మీరు నూరితేనే కుదురుతుందంటాడు. మొన్న జ్వరమొస్తే నా కొడుకు కూడా అంత సతాయించలా, కాళ్ళు పీకుతున్నయ్యి మామ్మగారూ అని ఒకటే గోల. ఇట్లాంటోణ్ణి పరాయి దేశం పంపిస్తే అక్కడివాళ్ళు ఎట్లా వేగుతారో."

మాస్టారి పరువు దక్కించాలని ముందుకు వచ్చానే గాని, పెద్దయ్యగారు నా వైపు చూసి "మీరండీ?" అనేసరికి కంఠస్థమైన మాట ఒక్కటీ రాలేదు. "ఇంత పనికిరాని కూలీని నేను చూడలేదండీ. కానీ శనివారం రాకపోతే పని తోచదు" అన్నాను.

పెద్దయ్యగారు చేతికర్రను గోడకు ఆనించి, నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. అంతలో మాస్టారు బజారు నుంచి వచ్చి, ఆయన్ను చూసి నిలువునా ఆగిపోయారు.

"ప్రయాణానికి సర్దుకో నాయనా" అన్నారు పెద్దయ్యగారు. "ఈ తల్లి నీమీద చాలా ఫిర్యాదులు చెప్పింది."

ఆయన మలావి వెళ్ళి పన్నెండేళ్ళు కావస్తోంది. ఆ మధ్యలో ఒక్కసారి సెలవు మీద వచ్చారు. మా గడప దాటుతూనే, "ఏముంది తినటానికి?" అని మా ఆవిణ్ణి అడిగారు. అక్కడ బడి గది తన చేతులతో కట్టానని, ఒక గోడ కొద్దిగా వంకర వచ్చిందని, ఎవరు నేర్పారని అక్కడివాళ్ళు అడిగితే నా వృత్తి, నా ఊరు చెప్పానని అన్నారు. అప్పటికి నేను బి.ఏ. రెండో సంవత్సరంలో ఉన్నాను. నేనాయన మతంలో చేరలేదు. చేరమని ఆయన అడగనూ లేదు. ఇప్పటికీ మంగళవారం ఆంజనేయస్వామి గుడికి వెళ్తాను. ఈ నెలంతా అక్కడ ఆయన కోసం కూడా ఒక నమస్కారం చేశాను. అది ఆయన తీసుకుంటారనే నా నమ్మకం.

ఆయనను తలచుకుంటే నాకు ముందుగా కనిపించేది జగ్గయ్యపేట బస్టాండు. ఆ ఉదయం ఊరు వదిలి నందిగామ వెళ్తున్నారు, అక్కడినుంచి దేశం దాటి. మామ్మగారి ఆవకాయ జాడీ, మా అమ్మ కట్టిన సున్నుండలు, శెట్టిగారి దుప్పటి సీటు మీదా సీటు కిందా చేరాయి. "ఏందండీ, కాపరానికి పోతున్నారా?" అన్నాడు కండక్టరు. బస్సు కదులుతుండగా కూరగాయలామె పరుగున వచ్చి, తన గంపలోకెల్లా పెద్ద గుమ్మడికాయను కిటికీలోంచి లోపలికి తోసింది. "విమానంల ఎక్కనియ్యకపోతే నందిగామల వండుకోండ్రి సారూ" అంది. వద్దనలేదు ఆయన. ఇప్పుడే తిన్నాననీ అనలేదు. ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పొదివి పట్టుకున్నారు. మేమందరం కింద నిలబడి చేతులు ఊపుతున్నాము. తిరిగి ఊపడానికి ఆయనకు చెయ్యి ఖాళీ లేదు.