మావ బిగించిన హీటరు

చిన్న వయసులో పెద్దోళ్ళు ఏం చెప్పినా నమ్మేసేదాన్ని. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టినోళ్ళకి అదో జబ్బు. యూనిఫారం మనిషి నోట మాట వచ్చిందంటే మాకు సిగ్నల్ పడినట్టే. (ఆ జబ్బు నాకెలా వదిలిందో వినండి.)

మా మావ, అంటే అమ్మకి అన్న, నిమ్‌పురా రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన ఏడు, రైల్వే పాసు ఉంది కదా అని అమ్మనీ, అత్తనీ, నన్నూ మంచు చూపిస్తానని సిక్కిం కొండలెక్కించినాడు. లాడ్జి నడిపే దీదీ గదిలో ప్రొపేన్ సిలిండర్ హీటరు పెట్టి, హిందీలో మరీ మరీ చెప్పింది: "ఇంత ఎత్తున గాలి పల్చన. కిటికీ నాలుగు వేళ్ళు తెరిచే ఉంచండి. హీటరు దానంతటదే ఆరిపోతే బలవంతంగా వెలిగించకండి, నన్ను పిలవండి." మావ "ఠీక్ హై, ఠీక్ హై" అని తలుపేసి, "ఇంజన్లు ఇప్పి బిగించినోడికి ఈవిడ పొయ్యి నేర్పుతాది!" అన్నాడు.

చలికాలం రాగానే వెంటిలేటర్లలో పాత పేపర్లు కుక్కడం మా క్వార్టర్లలో ఆనవాయితీ. (ఖరగ్‌పూర్ చలి ఏపాటిదో అడక్కండి. మంకీ క్యాపులు మాత్రం ముందే దిగిపోతాయి.) మావ అక్కడా అదే విద్య చూపించినాడు. కిటికీ సందుల నిండా పేపరు, తలుపు కింద అత్త శాలువా. హీటరు ఆరిపోయింది. వెలిగిస్తే మళ్ళీ ఆరింది. "ఏటే దీని రోగం?" అని దాని గుండీ లోపలికి నొక్కి, పైకి లేవకుండా చెక్కముక్క దూర్చి బిగించేసినాడు. మంట నిలబడింది. మేం చప్పట్లు కొట్టినాం. సిగ్గులేకుండా కొట్టినాం.

కాసేపటికి నాకు తల పగిలిపోతోంది, అత్తకి కడుపులో తిప్పుతోంది. "ఎత్తుకి అలాగే ఉంటాది, పడుకోండి" అన్నాడు మావ, తన కళ్ళే మూతలు పడుతుంటే. అమ్మని పిలిస్తే పలకలేదు. కుదిపితే మెడ వాలిపోయింది. అమ్మ పోయిందనుకున్నాను. తలుపు ఆ మూలన ఉంది. పక్కనున్న కిటికీ లాగితే రాదు, అంత బాగా కుక్కినాడు మహానుభావుడు! చేతికందిన టిఫిన్ క్యారేజీతో అద్దం బద్దలుకొట్టినాను. ఆ చప్పుడుకి దీదీ పరుగెత్తుకొచ్చి సిలిండరు కట్టేసి, అందరినీ వరండాలోకి ఈడ్చింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టినాక అమ్మ కళ్ళు తెరిచింది. గాలి చాలక దానంతటదే ఆరిపోయే హీటరుని మూసిన గదిలో బలవంతంగా మండించి విషపుగాలి నింపినావని డాక్టరు మావని నిలబెట్టి చీవాట్లు పెట్టినాడు.

ఊరొచ్చేసరికి కథ మారిపోయింది. ఎత్తుకి అమ్మ స్పృహ తప్పితే మావే కాపాడినాడట. నేను కంగారుపడి అద్దం పగలగొట్టి పరువు తీసినానట. మా ఊరి ఇందా బజారు దాకా నా పేరు 'అద్దాల పిల్ల' అయిపోయింది. అమ్మయినా నోరు విప్పిందా? "పెద్దోడు, పోనీయే" అంది. పోబోయింది తన ప్రాణమే! ఆ మాటకి వెక్కి వెక్కి ఏడ్చినాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మొన్న శీతాకాలం క్యారేజీలో చేపల పులుసు పట్టుకుని తాల్‌బగీచాలో మావ ఇంటికెళ్ళినాను. రిటైరైనా ఆయన నోరు రిటైరవ్వలేదు. ఎవరో కొత్త చుట్టాలు కూర్చునుంటే, "ఇదిగో, మా అద్దాల పిల్ల!" అని మళ్ళీ మొదలెట్టినాడు. నేను పైకి చూసినాను. వెంటిలేటర్‌లో పేపరు లేదు. కిటికీ నాలుగు వేళ్ళు తెరిచి ఉంది, మూసుకుపోకుండా సందులో చెక్కముక్క పెట్టి ఉంది.

"చలెయ్యట్లేదా మావా?" అన్నాను.

"గాలాడొద్దేటే?" అన్నాడు, నావైపు చూడకుండా.

చేతిలో క్యారేజీ ఉంది, ఎదురుగా కిటికీ అద్దమూ ఉంది. ఒక్క క్షణం నిజంగానే ఎత్తినాను. అద్దాల పిల్లకి వయసొచ్చేసింది మరి. నవ్వుకుని మూత తీసి, ఆయన కంచంలో పులుసు వడ్డించినాను.