నేను ఓడించిన పెన్‌డ్రైవ్

మీ బల్ల మీది కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మీరు ఎంచుకున్నారా, లేక మెకానిక్ ఎక్కించి ఇస్తే పుచ్చుకున్నారా?

నేను పుచ్చుకున్నవాణ్ణే. చాలా ఏళ్లుగా ఈ అడవి అంచు ఊళ్లలో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిస్తున్నాను. తాయెత్తు కట్టుకున్న మనిషి ఎదురైతే "విప్పి చూశావా? లోపల ఏముంది?" అని అడక్కుండా వదలను. చండ్రుగొండలో మా హేతువాద సంఘానికి ఒక కిరాయి గది, అందులో ఒక పాత డెస్క్‌టాప్ ఉన్నాయి. దాన్ని బాగుచేసిన మెకానిక్ డబ్బు కట్టి కొనని సిస్టమ్‌ను ఎక్కించి, అది నడవడానికి క్రాక్ అనే చిన్న ఫైలు పెట్టాడు. "యాంటీవైరస్ ఆన్ చెయ్యకున్రి సార్, క్రాక్ పోతది" అన్నాడు. ఆ ఫైల్లో ఏముందని నేను అడగలేదు. తలూపి వచ్చేశాను.

కిందటి వేసవిలో ఆ మిషన్‌లోకి ఒక ముసలాయన గొంతు చేరింది. అడవి లోపలి గూడెంలో ఒక కోయ మహిళ, భర్త చనిపోయినామె, తన మామ దున్నిన పోడు భూమికి పట్టా అడుగుతోంది. కాగితం ముక్క లేదు. పెద్దల వాంగ్మూలం కూడా ఆధారమే కనుక నేను వెళ్లి ఆ మామ మాటలు ఫోన్‌లో రికార్డు చేశాను. భూమి ఏ వాగు దగ్గర మొదలవుతుంది, హద్దురాళ్లు ఎక్కడెక్కడ పాతాడు, అప్పుడు పక్కన ఎవరున్నారు, అంతా కోయలో చెప్పాడు. కోయ వచ్చినవాళ్ల చేత తెలుగులో రాయించి, గ్రామసభలో ఆయన చేతే వేలిముద్ర వేయించాలనుకున్నాం. ఫోన్‌లో జాగా నిండిందని రికార్డింగును డెస్క్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్‌లోంచి తీసేశాను. రాయించే పని వాయిదా పడుతూ వచ్చింది. వానల్లో ముసలాయనకు జ్వరం వచ్చింది, పోయాడు. ఇక గ్రామసభకు ఆయన తరఫున మిగిలింది ఆ గొంతొక్కటే.

ఆ సంగతి తెలిసిన మా సభ్యురాలు, కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే టీచర్, ఒక ఆదివారం సమావేశంలో ప్రతిపాదన పెట్టింది. "మనం వాడేది దొంగ కాపీ సార్. అప్‌డేట్లు రావు, కాపలా లేదు. లినక్స్ అనే సిస్టమ్ పెడదాం. పాత మిషన్ మీద గూడ నడుస్తది. కొనే పని లేదు. దాంట్ల రాసిన కోడంత ఎవలన్న తెరిచి చూడొచ్చు."

కోస్తా నుంచి వచ్చి ఇక్కడ మిర్చి వేసుకునే మా అధ్యక్షుడు నవ్వాడు. "ఊరికే వస్తుందంటే నాకు భయమేనమ్మా. మా పొలానికి ఊరికే వచ్చేవి కోతులే."

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఏ పనికైనా ఒకరు అనుకూలంగా, ఒకరు వ్యతిరేకంగా మాట్లాడాలి, తర్వాత చేతులెత్తాలి. ఓడిన ప్రతిపాదన మూడు నెలల దాకా మళ్లీ రాకూడదు. వ్యతిరేకంగా నేను లేచాను.

"తెరిచి చూడొచ్చన్నావు. నువ్వు చూశావా?"

"అంత చూడలే సార్."

"చూడనిదాన్ని నమ్మమంటున్నావు. మరి దీన్నేమంటారు? భక్తి కాదా?"

గది గొల్లుమని నవ్వింది. టీచర్ ముఖం ఎర్రబడింది కానీ తగ్గలేదు. "నేను చూడకపోయినా చూసెటోళ్లను ఎవలు ఆపరు సార్. మన క్రాక్‌ను ఎవలు చూసిన్రు?" అంటూ సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. "లినక్స్ దీంట్లనే ఉంది, దీని మీదికెళ్లే నడుస్తది. లోపలి డిస్కును ముట్టుకోదు. ఐదు నిమిషాలు, ఇప్పుడే చూపిస్త."

"ప్రదర్శనలు ఓటు తర్వాత" అన్నాను.

బాబాల ముందు నిలబడి ఏదీ చూపించమని సవాలు చేసిన నోటితోనే ఆ మాటన్నాను. అసలు కారణం ఇంకొకటుంది, అది ఆ గదిలో చెప్పలేదు. నా వ్యాసాలన్నీ పాత తెలుగు ఫాంటులో కొట్టినవి. సిస్టమ్ మారితే అవి పిచ్చిగీతలవుతాయని, ఈ వయసులో టైపింగ్ మళ్లీ నేర్చుకోవాలని నాకు బెంగ. ఆ బెంగకు సిద్ధాంతం చొక్కా తొడిగాను. చేతులు నావైపే లేచాయి.

రెండు వారాలకు మిషన్ తెరిస్తే ప్రతి ఫైలు పేరు చివరా తెలియని అక్షరాలు. ఏదో వైరస్ ఫైళ్లన్నిటికీ తాళం వేసింది, డబ్బు పంపితేనే తీస్తామని తెర మీద బెదిరింపు. టీచర్‌కు ఫోన్ చేశాను. పెన్‌డ్రైవ్ పట్టుకొని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇప్పుడు చూస్తరా సార్, మూడు నెలలు ఆగాల్నా?"

నేను లేచి కుర్చీ ఆమెకిచ్చాను. ఆమె పెన్‌డ్రైవ్ పెట్టింది. మిషన్ లేచింది, తెలుగులోనే పలకరించింది. ముసలాయన ఫైలు కనిపించింది. నొక్కితే చప్పుడు లేదు.

"ఇది తాళం తియ్యదు సార్. తాళం పడకముందు రావాల్సింది" అంది మెల్లగా. లినక్స్‌కూ వైరస్ పట్టొచ్చని, కాపీలు దాచుకోకపోతే ఏ సిస్టమూ కాపాడదని కూడా చెప్పింది. తెలిసింది తెలిసినంతే చెప్పే ఆ తీరు ఆ ఆదివారం నాకుండాల్సింది. పాత డిస్కును తీసి పక్కన పెట్టి, కొత్తదాని మీద లినక్స్ ఎక్కించుకున్నాం. తీర్మానం లేకుండానే.

మర్నాడు పట్టా అడుగుతున్న ఆ కోయ మహిళ వచ్చింది. బస్సు దిగి తిన్నగా గదికే.

"మామ మాట రాసిన్రా సార్?"

"పోయిందమ్మా."

"మామ పోయింది నాకెరికే గద."

"ఆయన గొంతు కూడా పోయింది."

నేను వైరస్ గురించి మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నాకదంత ఎందుకు సార్. ఇంతమంది సదువుకున్నోళ్లున్నరు, ఇంకో కాడ గూడ పెట్టకపోతిరా?"



పినపాక అవతల ఒక ఊళ్లో మామ చెల్లెలుందని ఆమే చెప్పింది. చిన్నప్పుడు ఆ చేలో తిరిగిన మనిషట. ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. వచ్చే ఆదివారం అందరం వెళ్తున్నాం. "ఈసారి ఆడనే కాయితం మీద రాయున్రి సార్. మీ పెట్టెల ఒక్కదాంట్లనే పెట్టకున్రి" అని చెప్పి వెళ్లింది. ఆ ముసలమ్మకు హద్దురాళ్లు గుర్తున్నాయో లేదో తెలియదు. గుర్తులేకపోతే గ్రామసభలో ఈమె ఏం చూపిస్తుందో నాకు తోచడం లేదు.

మళ్లీ చెప్పలేని మనిషి మాట ఏదైనా మీ మిషన్‌లో ఉందా? ఈ పేజీ పక్కన పెట్టి, ముందు దాన్ని వేరే రెండు చోట్ల కాపీ చెయ్యండి. ఆ తర్వాత ఒక పెన్‌డ్రైవ్ మీద లినక్స్ తెచ్చి మీ మిషన్ మీద మీరే నడిపి చూడండి. నచ్చితే ఉంచుకోండి, నచ్చకపోతే వేరేది కొనుక్కోండి. లోపల ఏముందో తెలియని ఆ క్రాక్‌ను మాత్రం ఇవాళే పీకెయ్యండి.